ఒకసారి వచ్చి ఒకసారి మాయమయ్యే గిట్ ఎర్రర్: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ముందు మీ సమస్య నాకు అర్థమైనంతలో చెబుతాను. మీది ఆరుగురు పనిచేసే ఆఫీసు. ఓ పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ వేసి, అందులో గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునీ దాచిపెట్టే ప్రోగ్రామ్) బేర్ రిపోలు, అంటే చరిత్ర మాత్రమే ఉండే ఉమ్మడి ఫోల్డర్లు పెట్టి, దాన్నే సర్వర్‌గా వాడుతున్నారు. మూడు వారాలుగా పుల్ చేస్తుంటే (సర్వర్ నుంచి కొత్త మార్పులు తెచ్చుకుంటుంటే) ఎవరో ఒకరికి ‘ఇన్‌ఫ్లేట్: డేటా స్ట్రీమ్ ఎర్రర్, ఇన్‌కరెక్ట్ డేటా చెక్’ అని వస్తోంది. ఒకట్రెండు సార్లు ‘బస్ ఎర్రర్’ అని వచ్చి గిట్ మధ్యలోనే పడిపోయింది. పది నిమిషాలాగి అదే కమాండ్ ఇస్తే మామూలుగా నడుస్తోంది. రిపోని తనిఖీ చేసే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే ఒకరోజు పాడైన ఆబ్జెక్ట్ (గిట్ దాచుకునే డేటా ముక్క) ఉందంటోంది, మర్నాడు అంతా బాగుందంటోంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో ‘పాస్డ్’ అని ఉంది. గిట్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా, లేక గిట్ జీసీ నడిపితే సరిపోతుందా అని అడిగారు.

రెండూ వద్దు. జీసీ అయితే అసలే వద్దు. జీసీ అంటే రిపో మొత్తం చదివి, కొత్త ప్యాక్ ఫైలు (చాలా ఆబ్జెక్ట్‌లని కుదించి పెట్టిన ఒకే ఫైలు) రాసి, పాతవి తీసేయడం. మెషీన్ మీదే అనుమానం ఉన్నప్పుడు దాని చేత ఇంత రాయించడం, పాత కాపీలు చెరిపించడం చాలా ప్రమాదం. ఎవరికీ అక్కరలేదని గిట్ అనుకునే డాంగ్లింగ్ ఆబ్జెక్ట్‌లే రేపు రిపో బాగుచేసేటప్పుడు పనికొస్తాయి. మీరు చేతితో నడపకపోయినా, పుష్ వచ్చినప్పుడల్లా (ఎవరైనా తమ మార్పులు సర్వర్‌కి పంపినప్పుడల్లా) సర్వర్ తనంతట తానే జీసీ మొదలుపెట్టవచ్చు. అందుకే ఇప్పుడే ఆ మెషీన్‌లో జీసీ.ఆటో విలువ 0 అని, రిసీవ్.ఆటోజీసీ విలువ ఫాల్స్ అని పెట్టేయండి. కారణం తేలేదాకా ఎవరూ పుష్ చేయవద్దని అందరికీ చెప్పండి.

ఇక్కడ గిట్ తప్పు లేదు, పైగా అది మీకు మేలే చేస్తోంది. గిట్‌లో ప్రతి ఆబ్జెక్ట్ పేరూ దాని లోపలి సరుకు నుంచి లెక్కకట్టిన 40 అక్షరాల హాష్. చదివేటప్పుడు ఒక్క బిట్ తేడా వచ్చినా లెక్క తప్పుతుంది, గిట్ వెంటనే చెప్పేస్తుంది. అదే డిస్క్‌లో ఉన్న ఫొటోలో, ఎక్సెల్ షీట్‌లో ఒక బిట్ మారితే ఎవరికి తెలుస్తుంది? చాలాసార్లు తెలియదు. కాబట్టి ఆ మెషీన్‌లో రిపోలు కాక బిల్లులో, జీతాల ఫైళ్లో, ఇంకేమైనా ఉంటే వాటి గురించి కూడా ఇప్పుడే కంగారు పడాలి.

ఇంకో చిన్న విషయం. ఆ ఎర్రర్ లైనుకి ముందు ‘రిమోట్:’ అని ఉంటోందో లేదో చూడమనండి. ఉంటే గొడవ సర్వర్‌లో. లేకుండా ప్రతిసారీ ఒకే మనిషికి వస్తుంటే గొడవ ఆయన ల్యాప్‌టాప్‌లో. మీ కేసులో వేర్వేరు మనుషులకి వస్తోందన్నారు, సర్వర్‌లో నడిపిన ఎఫ్‌ఎస్‌సీకే కూడా పట్టుకుంది. కాబట్టి సర్వరే అనుకుని ముందుకెళ్దాం.

ఈ ఎర్రర్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా నిజానికి ఇవి మూడు వేర్వేరు జబ్బులు. నాకు తెలిసినంతలో చాలామంది తడబడేది వీటిని విడదీసుకోకపోవడం వల్లే.

మొదటిది, ‘ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్’. ఇక్కడ డిస్క్ తనే ‘నేను చదవలేకపోయాను’ అని ఒప్పుకుంటోంది. మీరు చూసిన ‘బస్ ఎర్రర్’ కూడా చాలావరకు ఈ కుటుంబానిదే. గిట్ ప్యాక్ ఫైళ్లని మామూలుగా చదవదు, వాటిని మెమరీలోకి మ్యాప్ చేసుకుని చదువుతుంది. అలా చదువుతుండగా డిస్క్ ఏదో ఒక పేజీ ఇవ్వలేకపోతే, కెర్నెల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే భాగం) గిట్‌కి ఎర్రర్ చెప్పే దారి లేక ఏకంగా ఆ ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. ఫైలు మధ్యలో తెగిపోయి ఉన్నా బస్ ఎర్రర్ వస్తుంది కానీ, అలాంటిది పది నిమిషాల తర్వాత తనంతట తాను బాగుపడదు.

రెండోది, ‘ఇన్‌కరెక్ట్ డేటా చెక్’, ‘హాష్ మిస్‌మ్యాచ్’ లాంటివి. ఇక్కడ డిస్క్ ఏ ఫిర్యాదూ చేయకుండా డేటా ఇచ్చింది, ఆ డేటానే తప్పు. ఎక్కువసార్లు తేలేది ర్యామ్. ఆ తర్వాత యూఎస్‌బీ డబ్బాలో పెట్టిన డిస్క్ అయితే ఆ డబ్బాలోని చిప్, మదర్‌బోర్డు, ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్. డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మీద వెళ్లే డేటాకి సీఆర్‌సీ (దారిలో తప్పు దొర్లితే పట్టే లెక్క) కాపలా ఉంటుంది. అందుకే కేబుల్ పాడైతే డేటా మళ్లీ మళ్లీ పంపించుకోవడం, ఆలస్యం, చివరికి మొదటి రకం ఎర్రర్ వస్తాయి. గుట్టుగా డేటా మారిపోవడం అరుదు.

మూడోది, ‘ఆబ్జెక్ట్ ఫైల్ ఈజ్ ఎంప్టీ’. ఇది కరెంటు పోయినప్పుడు వచ్చేది. ఫైలు పేరు డిస్క్ మీదకి చేరింది, లోపలి సరుకు ఇంకా ర్యామ్‌లోనే ఉంది, ఈలోపు కరెంటు పోయింది. సున్నా బైట్ల ఫైలు మిగిలింది. మీరు దీని గురించి చెప్పలేదు కాబట్టి ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

మీకు మొదటిదీ రెండోదీ రెండూ వస్తున్నాయి. నన్ను ఆలోచింపజేసింది ఇదే. డిస్క్ ఒక్కటే చెడితే మామూలుగా మొదటి రకమే కనిపించాలి. ర్యామ్ ఒక్కటే అయితే రెండో రకమే ఎక్కువ కనిపించాలి. రెండూ కలిసి వస్తున్నాయంటే ఆ రెండింటికీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ మీద, లేదా మదర్‌బోర్డు మీద నాకు అనుమానం. ఇది అనుమానమే, పరీక్షలు చేయకుండా ఏదీ కొనకండి.

ఇంతకీ ఎర్రర్ పది నిమిషాల్లో ఎందుకు పోతోంది? లినక్స్ ఒకసారి చదివిన ఫైలుని పేజీ క్యాష్‌లో, అంటే ఖాళీగా ఉన్న ర్యామ్‌లో దాచుకుంటుంది. ఆ తర్వాత ఎవరడిగినా డిస్క్ దాకా వెళ్లదు, ర్యామ్‌లోంచే ఇచ్చేస్తుంది. చదివే క్షణంలో ఒక బిట్ తప్పుపడితే, ఆ తప్పు కాపీ క్యాష్‌లో ఉన్నంతసేపూ అందరికీ ఎర్రరే. వేరే పనికి ర్యామ్ కావాల్సి వచ్చి ఆ పేజీ ఖాళీ అయ్యాక మళ్లీ డిస్క్ నుంచి మంచి కాపీ వస్తుంది, ఎర్రర్ మాయం. రీబూట్ చేస్తే బాగవుతోందని చాలామంది అనేది ఇందుకే. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. డిస్క్ మీద పాడైపోయినా క్యాష్‌లో మంచి కాపీ ఉన్నంతకాలం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, రీబూట్ చేశాక బండారం బయటపడుతుంది. అందుకే క్యాష్ ఖాళీ చేయకుండా నడిపిన ఎఫ్‌ఎస్‌సీకే ‘బాగుంది’ అంటే నేను నమ్మను.

ఏ పరీక్షకైనా ముందు కాపీ తీయాలి. రిపోల ఫోల్డర్ మొత్తాన్ని ఆర్‌సింక్‌తో వేరే మెషీన్‌లోకి తీసుకెళ్లండి. అదే డిస్క్ మీద ఇంకో ఫోల్డర్‌లోకి గిట్ క్లోన్ చేసి (రిపోకి నకలు తీసి) బ్యాకప్ అయిపోయిందనుకోకండి. ఒకే డిస్క్‌లో పాత్ ఇచ్చి క్లోన్ చేస్తే గిట్ ఆబ్జెక్ట్‌లని కాపీ చేయదు, హార్డ్‌లింక్ పెడుతుంది. అంటే పేర్లు రెండు, డిస్క్ మీద సరుకు ఒక్కటే. అది పాడైతే రెండూ పాడైనట్టే. ఆర్‌సింక్ మధ్యలో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్‌తో ఆగుతుంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించి డిస్క్‌ని అలసిపోనివ్వకండి. డీడీరెస్క్యూతో, మ్యాప్ ఫైలు (ఎక్కడిదాకా చదివిందో రాసుకునే ఫైలు) పెట్టుకుని, డిస్క్ మొత్తాన్ని కొత్త డిస్క్ మీదకి దించండి. వచ్చినంత ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత తిరిగొస్తుంది.

అదే సమయంలో ఆరుగురినీ తమ క్లోన్‌లో గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --ఫుల్ నడపమనండి. నెట్‌వర్క్ మీద క్లోన్ చేసినప్పుడు వచ్చిన ప్రతి ఆబ్జెక్ట్ హాష్‌నీ గిట్ మళ్లీ లెక్కకడుతుంది. కాబట్టి వాళ్ల దగ్గరున్నది చాలావరకు మంచి సరుకే. షాలో క్లోన్ (ఇటీవలి చరిత్ర మాత్రమే ఉండే నకలు) తీసుకున్నవాళ్లు మాత్రం లెక్కలోకి రారు.

ఇప్పుడు పరీక్షలు. మొదట కెర్నెల్ ఏమంటోందో చూడండి. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌కి -టీ (పెద్ద అక్షరం) ఇస్తే టైముతో సహా వస్తుంది, పాత బూట్లవి కావాలంటే జర్నల్‌సీటీఎల్‌లో దొరుకుతాయి. ‘ఐఓ ఎర్రర్’ పక్కన సెక్టార్ నంబర్, ‘యూఎన్‌సీ’ అని ఉంటే డిస్క్ ఉపరితలం పోతోంది. ‘ఐసీఆర్‌సీ’, ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’, ‘లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్’ ఉంటే కేబుల్, పోర్ట్, కరెంటు సప్లై వైపు చూడండి. గిట్ ఎర్రర్ వచ్చిన నిమిషంలో డీమెసేజ్ నిశ్శబ్దంగా ఉంటే చూపు ర్యామ్ మీదకి వెళ్లాలి. అందరినీ ఎర్రర్ వచ్చిన టైము నిమిషంతో సహా రాసిపెట్టమనండి. మొత్తం వ్యవహారంలో ఇంతకంటే విలువైన సమాచారం ఉండదు.

తర్వాత స్మార్ట్ రిపోర్ట్ చూపే కమాండ్, స్మార్ట్‌సీటీఎల్ -ఏ (చిన్న అక్షరం). పైన ఉండే ‘పాస్డ్’ని పట్టించుకోకండి, పూర్తిగా చావుకి దగ్గరైన డిస్క్‌లకి కూడా అది చాలాసార్లు పాస్డ్ అనే చెబుతుంది. కింద పట్టికలో చివరి కాలమ్ చూడండి. 5వ వరుస మార్చేసిన సెక్టార్లు. 197 చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు. 198 ఇక రానే రావని తేలినవి. 197 సున్నా కాకుండా ఉండి, వారంలో పెరిగితే ఆ డిస్క్‌ని ఇంక నమ్మొద్దు. 199 కేబుల్ మీద దొర్లిన సీఆర్‌సీ తప్పుల లెక్క. ఇది ఎప్పటికీ తగ్గదు. ఎప్పుడో రెండేళ్ల కిందట పడిన 40 కూడా అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఎంత ఉందన్నది ముఖ్యం కాదు, ఈరోజుకీ రేపటికీ పెరిగిందా అన్నదే చూడాలి. ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ (సాటా కేబుల్ లేని వేగమైన ఎస్‌ఎస్‌డీ) అయితే ఈ పట్టిక ఉండదు. ‘మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్’ సున్నా ఉందా, ‘క్రిటికల్ వార్నింగ్’ సున్నా ఉందా అన్నది చూస్తే చాలు. రాత్రికి స్మార్ట్‌సీటీఎల్ -టీ (చిన్న అక్షరం) లాంగ్, అంటే డిస్క్ తనని తాను చేసుకునే పూర్తి పరీక్ష పెట్టి వెళ్లండి, పొద్దున ఫలితం ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష మూడోది, ఎందుకంటే ఖర్చు లేదు, గంటలో తేలిపోతుంది. రిపోలో అన్నిటికంటే పెద్ద ప్యాక్ ఫైలు తీసుకోండి. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) కెర్నెల్ ఇచ్చే డ్రాప్ క్యాషెస్ ఫైలులోకి 3 రాసి క్యాష్ ఖాళీ చేయండి. ఆ ప్యాక్ ఫైలుకి షా256సమ్ కమాండ్‌తో హాష్ తీయండి. మళ్లీ క్యాష్ ఖాళీ చేసి మళ్లీ తీయండి. ఇలా ఇరవై సార్లు తిరిగేలా చిన్న స్క్రిప్ట్ రాయండి. ఎవరూ మార్చని ఫైలు, ఇరవై సార్లూ ఒకే హాష్ రావాలి. ఒక్కసారి తేడా వచ్చినా డిస్క్ మీద డేటా బాగానే ఉండి దారిలో చెడుతోందని అర్థం. ఇరవైసార్లూ ఒకే హాష్ వచ్చి గిట్ వెరిఫై-ప్యాక్ మాత్రం తప్పంటే, ఆ తప్పు డిస్క్ మీదే రాసి ఉంది.

తప్పు కాపీ ఒకటి చేతికి దొరికితే దాన్ని పారేయకండి. మంచి కాపీతో పక్కపక్కన పెట్టి సీఎమ్‌పీ -ఎల్ నడపండి. తేడా ఉన్న ప్రతి బైట్‌నీ ఆక్టల్ అంకెల్లో (0 నుంచి 7 వరకే వాడే లెక్కలో) చూపిస్తుంది. ఒకే ఒక్క లైను వచ్చి, అందులో ఒకవైపు 145, రెండోవైపు 105 ఉందనుకోండి. ఆ రెండింటికీ తేడా సరిగ్గా ఒక్క బిట్. ఒక్క బిట్ తిరగబడటం ర్యామ్ చేసే పని. అలా కాకుండా 512 బైట్లో 4096 బైట్లో వరసగా సున్నాలు, లేదా వేరే ఫైలు తాలూకు ముక్క కనిపిస్తే అది డిస్క్ లేదా ఫైల్ సిస్టమ్ పని. ఈ ఒక్క చూపుతో సగం అనుమానాలు కొట్టేయొచ్చు.

ర్యామ్ మీదకి అనుమానం వెళ్తే మెమ్‌టెస్ట్86ప్లస్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క పాస్ సరిపోదు. బయాస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేసి కూడా చూడండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ తీసేయాల్సిందే, ‘ఒకటే కదా’ అని వదిలేయకూడదు.

ఎస్‌ఎమ్‌పీఎస్ మీద నాకు అంత అనుమానం ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చిన్న ఆఫీసులో సరిగ్గా మీ లక్షణాలే. మేం మొదట డిస్క్ మార్చాం. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు మళ్లీ బస్ ఎర్రర్. కేబుల్ మార్చాం. మళ్లీ వచ్చింది. ర్యామ్ రాత్రంతా పరీక్షించినా ఒక్క ఎర్రర్ రాలేదు. అక్కడ అకౌంట్స్ చూసే మేడమ్ ఒక నోట్‌బుక్‌లో ఎర్రర్ టైములన్నీ ఓపిగ్గా రాశారు. రెండు పేజీలు నిండాక చూస్తే అన్నీ పగలే, ఎక్కువ భాగం పదకొండుకీ పన్నెండున్నరకీ మధ్య, రాత్రి ఒక్కటి కూడా లేదు. ఆ టైములో ఏం జరుగుతుంది? ఇన్‌వాయిస్‌లు ప్రింట్ అవుతాయి. లేజర్ ప్రింటర్, సర్వర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఉన్నాయి. ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, వోల్టేజ్ పడుతుంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ చిన్న తగ్గుదలని తట్టుకుంటుంది. మాది విప్పి చూస్తే రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి, ఒకదాని చుట్టూ గోధుమరంగు మరక. స్మార్ట్‌లో 199 విలువ రాసుకుని, పది పేజీలు ప్రింట్ కొట్టి మళ్లీ చూశాం. 61 ఉన్నది 64 అయింది. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చి, ప్రింటర్‌ని వేరే ప్లగ్‌కి పెట్టాక మళ్లీ రాలేదు. మెమ్‌టెస్ట్ ఎందుకు పట్టుకోలేదంటే, రాత్రి ఎవరూ ప్రింట్ తీయరు. అందుకే మీ మెషీన్ పరీక్షలు కొన్నైనా పగటిపూట, ఆఫీసు మామూలుగా నడుస్తుండగా చేయమంటున్నాను. ఏసీ, ప్రింటర్, మోటార్ ఏవి ఆన్ అవుతున్నాయో కూడా రాసుకోండి.

కారణం తేలి, హార్డ్‌వేర్ మార్చాక అప్పుడు రిపో బాగుచేయడం. ఇది అనుకున్నంత కష్టం కాదు, ఆరు క్లోన్‌లు ఉన్నాయి కాబట్టి. శుభ్రంగా ఎఫ్‌ఎస్‌సీకే పాసైన క్లోన్ ఒకటి తీసుకుని, కొత్త డిస్క్ మీద కొత్త బేర్ రిపోలోకి బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు అన్నీ పుష్ చేయండి. తర్వాత మిగతావాళ్లు కూడా తమ దగ్గరున్నవి పుష్ చేస్తే లోటు పూడుతుంది. సర్వర్‌లో మాత్రమే ఉండి ఎవరి దగ్గరా లేని బ్రాంచ్ ఉంటేనే ముక్కలు ఏరుకోవాలి. అప్పుడు ముందుగా తీసిన కాపీలో పనిచేయండి, అసలుది ముట్టుకోకండి.

పాడైంది విడి ఆబ్జెక్ట్ (ప్యాక్‌లో చేరకుండా సొంత ఫైలుగా ఉన్నది) అయితే హాష్‌లో మొదటి 2 అక్షరాలు ఫోల్డర్ పేరు, మిగతా 38 ఫైలు పేరు. ఆ ఫైలుని పక్కకి జరిపి, మంచి క్లోన్‌లో అదే పేరుతో ఉంటే తెచ్చి పెట్టండి. అది ఏదో సోర్స్ ఫైలు తాలూకు బ్లాబ్ (ఆ ఫైలు లోపలి సరుకు) అయితే, ఎవరి వర్కింగ్ ఫోల్డర్‌లోనైనా ఆ వెర్షన్ ఉంటే గిట్ హాష్-ఆబ్జెక్ట్ -డబ్ల్యూ చాలు, సరైన ఫైలైతే అదే హాష్ వస్తుంది. పాడైంది ప్యాక్ అయితే దాన్ని ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ బయటికి తీసి, గిట్ అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్‌కి -ఆర్ ఇచ్చి దాని మీద నడపండి. పాడైన చోట ఆగిపోకుండా వచ్చినన్ని లాగుతుంది. బయటికి తీయడం మరిచిపోతే ఏమీ చేయదు. ఆ ఆబ్జెక్ట్‌లు రిపోలో ఇప్పటికే ఉన్నాయని అనుకుని వదిలేస్తుంది.

కొత్త సర్వర్‌లో రెండు మూడు సెట్టింగ్‌లు. పుష్‌లో వచ్చే ఆబ్జెక్ట్‌లని తనిఖీ చేసేలా రిసీవ్.ఎఫ్‌ఎస్‌సీకేఆబ్జెక్ట్స్ ట్రూ పెట్టండి. కోర్.లాగ్‌ఆల్‌రెఫ్‌అప్‌డేట్స్ కూడా ట్రూ పెట్టండి, ఎందుకంటే బేర్ రిపోలో రెఫ్‌లాగ్ మామూలుగా ఉండదు, ఒక బ్రాంచ్ ఫైలు చెడిందంటే నిన్న అది ఎక్కడుందో చెప్పేవాళ్లుండరు. గిట్ 2.36 లేదా ఆ పైది అయితే కోర్.ఎఫ్‌సింక్ విలువ కమిటెడ్ అని పెట్టండి. మామూలు సెట్టింగ్‌లో విడి ఆబ్జెక్ట్‌లని డిస్క్ మీదకి ఖచ్చితంగా చేర్చే పని గిట్ వదిలేస్తుంది, వేగం కోసం. కరెంటు పోయే చోట ఆ వేగం మనకొద్దు. యూపీఎస్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఉబుంటు మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మీ ఫైళ్ల లోపలి డేటాకి చెక్‌సమ్ (సరిచూసుకునే లెక్క) పెట్టదు, దాని మెటాడేటాకే, అంటే ఫైళ్ల గురించి అది రాసుకునే వివరాలకే పెడుతుంది. కొత్త డిస్క్ వేస్తున్నారు కాబట్టి, లోపలి డేటాకి కూడా చెక్‌సమ్ పెట్టే జెడ్‌ఎఫ్‌ఎస్ లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వేసి నెలకోసారి స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడడం) పెట్టుకునే వీలుంటే నేనైతే అదే చేస్తాను.

బ్యాకప్ గురించి ఒక నిజమైన కేసు. 2013 మార్చిలో, లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ ప్రాజెక్టు వాళ్ల ప్రధాన గిట్ సర్వర్ రీబూట్ అయ్యాక ఫైల్ సిస్టమ్ చెడినట్టు తేలింది. వాళ్లకి ప్రపంచంలో పలుచోట్ల మిర్రర్లు (తనంతట తానే సింక్ అయ్యే నకలు సర్వర్లు) ఉన్నాయి. ఆ మిర్రర్లన్నీ పాడైన సర్వర్‌ని చూసి నమ్మకంగా తామూ అలాగే మారిపోయాయి. దాదాపు 1500 రిపోలు పోయే పరిస్థితి. అప్పటికింకా సింక్ కాని ఒక మెషీన్‌లో కాపీ ఉండబట్టి బయటపడ్డారు. కాబట్టి రోజూ సింక్ అయ్యే కాపీని బ్యాకప్ అనుకోకండి. వారానికోసారి గిట్ బండిల్ చేసి (రిపో మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి), తేదీ పేరుతో వేరే చోట పెట్టండి, పాత నాలుగైదు బండిల్‌లు ఉంచండి, పెట్టిన చోట బండిల్ వెరిఫై చేసి, అప్పుడప్పుడు దాంట్లోంచి క్లోన్ చేసి చూడండి.

ఈరోజు మీరు చేయాల్సింది ఇంతే: పుష్‌లు ఆపడం, జీసీ ఆపడం, వేరే మెషీన్‌లోకి కాపీ, ఆ తర్వాత ఇరవైసార్ల హాష్ పరీక్ష. దాని ఫలితం, 197, 199 విలువలు ఈరోజువి ఒకసారి, రెండు రోజుల తర్వాతవి ఒకసారి, ఎర్రర్ వచ్చిన నిమిషం చుట్టూ ఉన్న డీమెసేజ్ లైన్లు చెప్పండి. 199 పెరుగుతుంటే సీపీయూ మూత విప్పి ఎస్‌ఎమ్‌పీఎస్, కేబుల్‌తో మొదలుపెడదాం. 199 కదలకుండా హాష్ మాత్రం మారుతుంటే ర్యామ్ స్టిక్‌లు ఒక్కొక్కటే తీసి చూడాలి. 197 పెరుగుతుంటే ఇంకేమీ ఆలోచించకుండా డీడీరెస్క్యూ మొదలుపెట్టండి, నా జవాబు కోసం ఆగొద్దు.